గాలి, ఎండ, చట్టం, జీతం: వీటి మధ్య లెక్క ఎవరైనా సరిగ్గా తేల్చారా?

నిదానం

కాలుష్యం మీద ఏ వార్త చూసినా చావుల సంఖ్యే కనబడుతుంది. ఏటా ఇన్ని లక్షల అకాల మరణాలు అంటారు, అక్కడితో ఆగిపోతారు. నా అనుమానం చావని వాళ్ల గురించి. మనిషి ఆసుపత్రికి వెళ్లడు, సెలవు పెట్టడు, రోజూలాగే పనికి వస్తాడు. కానీ ఆ రోజు పని కాస్త తక్కువ సాగుతుంది. ఆ తగ్గుదలను ఎవరైనా కొలిచారా? కొలిస్తే ఎలా?

రెండో సంగతి. గాలి బాగుచేయడానికి చట్టం తెస్తే జనం ఆరోగ్యం బాగుపడుతుందని ప్రభుత్వాలు అంటాయి, ఉద్యోగాలు పోతాయని యజమానులు అంటారు. ఇద్దరి చేతిలోనూ ఏవో స్టడీలు ఉంటాయి. ఇక్కడ ఎకనామిక్స్ చదివినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. లింకులు పడేసి వెళ్లిపోకుండా ఎవరు ఏం చేశారో అర్థమయ్యేలా చెప్పండి.

కొలతబద్ద

కొలిచారు నిదానం గారూ. అందులో ఉన్న చిక్కు ఏమిటంటే, చాలా ఉద్యోగాల్లో ఒక్కో మనిషి ఒక్కో రోజు ఎంత పని చేశాడో ఎక్కడా రాసి ఉండదు. జీతం నెలకింత, పని అందరిదీ కలిపి. అందుకే పరిశోధకులు పనిని బట్టి కూలి ఇచ్చే చోట్లను వెతుక్కున్నారు.

అందరూ చెప్పుకునేది జాషువా గ్రాఫ్ జివిన్, మాథ్యూ నైడెల్ 2012లో ప్రచురించిన అధ్యయనం. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఒక పెద్ద పండ్లతోటల సంస్థ పద్దులు తీసుకున్నారు. అక్కడ కోసినదాన్ని బట్టి కూలి. కాబట్టి ఎవరు ఏ రోజు ఎంత కోశారో మనిషి మనిషికీ లెక్క ఉంది. ఆ లెక్కను ఆ రోజు గాలిలో ఉన్న ఓజోన్‌తో జోడించారు. ఓజోన్ వంద కోట్లకు 10 పాళ్లు తగ్గితే కోత సుమారు 5.5 శాతం పెరిగింది. పని గంటలు పెద్దగా మారలేదు. అంటే మీరు అడిగినట్టే, మనుషులు వచ్చారు, అన్ని గంటలూ ఉన్నారు, పని మాత్రం తగ్గింది. పైగా ఇదంతా అమెరికా ప్రభుత్వం సురక్షితం అని చెప్పే హద్దుకు లోపల జరిగింది.

ఓజోన్‌ను ఎంచుకోవడంలో తెలివి ఉంది. అది ఆ తోటలో పుట్టేది కాదు. ఎక్కడో వాహనాల నుంచి, పరిశ్రమల నుంచి వచ్చిన నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే రసాయనాలు ఎండలో కలిసి తయారవుతుంది, గాలివాటున వస్తుంది. కాబట్టి పని ఎక్కువైనందుకే కాలుష్యం పెరిగింది అని తిప్పి చెప్పడానికి వీల్లేదు.

అదే బృందం మరికొందరితో కలిసి పండ్లు ప్యాక్ చేసే ఒక షెడ్డును చూసింది (2016). ఈసారి పని నాలుగు గోడల మధ్య. ఓజోన్ లోపలికి పెద్దగా రాదు, పీఎం 2.5 అనే సన్నటి ధూళి కణాలు మాత్రం తలుపులు వేసినా వచ్చేస్తాయి. బయట ఆ ధూళి పెరిగిన రోజున లోపల ప్యాకింగ్ వేగం తగ్గింది. 2019లో చైనాలో ఒక ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్ల డేటా చూశారు. కాలుష్య సూచీ 10 పాయింట్లు పెరిగితే రోజుకు తీసుకునే కాల్స్ 0.35 శాతం తగ్గాయి. ఒక్కో కాల్‌కు పట్టే సమయం పెరగలేదు, కాల్‌కూ కాల్‌కూ మధ్య విరామం పెరిగింది.

అనుమానప్పక్షి

> ఎండలో కలిసి తయారవుతుంది

దొరికారు. ఎండ ఎక్కువున్న రోజున ఓజోనూ ఎక్కువే కదా. కోత తగ్గింది ఓజోన్ వల్లా, ఎండ వల్లా? నాకూ 40 డిగ్రీల్లో చేతులు ఆడవు. దానికి ఓజోన్ కథ ఎందుకు?

ఇంకోటి. కాలుష్యం ఎక్కువున్న చోట బీదవాళ్లు ఉంటారు. వాళ్లకు తిండి, వైద్యం, చదువు అన్నీ తక్కువే. అక్కడ ఆరోగ్యం బాగాలేదంటే గాలిని ఒక్కదాన్నే నిందించడం ఎలా?

కొలతబద్ద

రెండూ సరైన ప్రశ్నలే. అసలు ఈ రంగంలో సగం శ్రమ ఆ రెండింటికి జవాబు చెప్పడానికే పోతుంది.

మొదటిది. ఎండ, ఓజోన్ చాలావరకు కలిసి నడుస్తాయి, పూర్తిగా కాదు. ఒకే వేడి ఉన్న రెండు రోజుల్లో గాలి ఏ వైపు నుంచి వీచింది, గాలి వచ్చే వైపు ఊళ్లలో ట్రాఫిక్ ఎంత అన్నదాన్ని బట్టి ఓజోన్ వేరుగా ఉంటుంది. అందుకే ఉష్ణోగ్రత, తేమ, గాలివేగం అన్నీ లెక్కలోకి తీసుకుని, మిగిలిన తేడాతో పోల్చారు. ఒక మనిషిని ఇంకో మనిషితో కాకుండా, అదే మనిషిని వేరే రోజుతో పోల్చారు కాబట్టి ఆరోగ్యవంతుడా, బీదవాడా అన్న గొడవ అందులో రాదు.

రెండోది ఇంకా కష్టం. దానికి పరిశోధకులు పట్టుకున్న దారి, గాలి ఎవరి ప్రమేయమూ లేకుండా హఠాత్తుగా మారిన సందర్భాలు. జానెట్ కరీ, రీడ్ వాకర్ 2011లో టోల్ గేట్లను చూశారు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో బళ్లు ఆగకుండా వెళ్లే ఎలక్ట్రానిక్ టోల్ వచ్చింది. ఆగి, కదిలి, మళ్లీ ఆగే బళ్ల పొగ తగ్గింది. గేటుకు 2 కిలోమీటర్ల లోపు ఉండే తల్లులనూ, 2 నుంచి 10 కిలోమీటర్ల దూరంలో అదే రోడ్డు వెంబడి ఉండే తల్లులనూ పోల్చారు. దగ్గరున్న వాళ్లలో నెలలు నిండకుండా పుట్టడం 10.8 శాతం, తక్కువ బరువుతో పుట్టడం 11.8 శాతం తగ్గింది. టోల్ పెట్టినవాళ్లు ట్రాఫిక్ కోసం పెట్టారు, పిల్లల బరువు వాళ్ల ఆలోచనలోనే లేదు. అందుకే ఆ పోలికకు విలువ.

పని విషయానికొస్తే మెక్సికో సిటీ. 1991లో అక్కడ ఒక పెద్ద చమురు శుద్ధి కర్మాగారాన్ని మూసేశారు. చుట్టుపక్కల సల్ఫర్ డయాక్సైడ్ 19.7 శాతం తగ్గింది. ఆ పరిసరాల్లో ఉండేవాళ్లు వారానికి సగటున 1.3 గంటలు ఎక్కువ పనిచేశారని రేమా హన్నా, పౌలినా ఒలీవా తేల్చారు.

తెల్లకోటు

ఆ 1.3 గంటలు ఎలా వచ్చాయన్నది నాకు ముఖ్యం. మనం పనిచేసేవాడి ఊపిరితిత్తుల గురించే ఆలోచిస్తాం. పౌలినా ఒలీవాయే మరో ఇద్దరితో కలిసి 2017లో పెరూ రాజధాని లిమా మీద రాశారు. ధూళి ఓ మోస్తరుగా పెరిగినప్పుడు పని గంటలు తగ్గింది చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లలో. అంటే జబ్బు ఒకరికి, పని మానేది ఇంకొకరు. పిల్లకు ఆయాసం వస్తే తల్లి ఇంట్లో ఉండిపోతుంది. ఆసుపత్రి రికార్డులో ఆమె పేరు ఎక్కడా ఉండదు.

మా డాక్టర్ల వైపు నుంచి చూస్తే నూరు మందికి ఒక్కరికి ఆస్తమా ముదిరిందంటే అదే పెద్ద వార్త. మిగిలిన తొంభై తొమ్మిది మంది కాస్త మందకొడిగా ఉన్నారన్నది మాకు కనబడే విషయమే కాదు.

కందిరీగ

చైనా నది స్టడీ ఇంకా రాలేదేంటి? బొగ్గు వల్ల 5.5 ఏళ్ల ఆయుష్షు పోయిందని ప్రపంచమంతా మోగిపోయిందిగా 😀

అనుమానప్పక్షి

వచ్చింది, నేనే చెప్తా. అది నాకు ఇష్టమైన ఉదాహరణ, ఎందుకంటే దాని మీద కొట్లాట బాగా జరిగింది.

ప్రణాళికల కాలంలో చైనా ప్రభుత్వం హువాయి నదికి ఉత్తరాన ఉన్నవాళ్లకు చలికాలంలో ఇళ్లు వేడి చేసుకోవడానికి బొగ్గు ఉచితంగా ఇచ్చింది, దక్షిణాన ఇవ్వలేదు. గీత గీసినట్టు నది. ఆ గీతకు అటూ ఇటూ పోల్చి, 2013లో మైఖేల్ గ్రీన్‌స్టోన్ బృందం ఉత్తరాన ఆయుర్దాయం సుమారు 5.5 ఏళ్లు తక్కువ అంది. గణాంకవేత్త ఆండ్రూ గెల్మన్ పట్టుకున్న లోపం ఏమిటంటే, వాళ్లు డేటా మీద గీసిన వక్రరేఖ మూడో ఘాతానిది. అలాంటి రేఖ అంచుల దగ్గర ఎగిరెగిరి పడుతుంది. మనకు కావలసిన తేడా సరిగ్గా ఆ అంచు దగ్గరే ఉంది. రేఖ మారిస్తే జవాబు మారిపోతుంది.

2017లో అదే బృందం కొత్త కాలం డేటాతో, నదికి దగ్గరున్న ఊళ్లకు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చే పద్ధతిలో మళ్లీ చేసింది. ఈసారి 3.1 ఏళ్లు. కాలం వేరు, కొలిచిన ధూళి వేరు కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి తప్పు దొరికిందనలేం. దిశ ఒకటే. కానీ పత్రికల్లో ఇప్పటికీ 5.5 అనే తిరుగుతోంది. అదీ నా బాధ.

షిఫ్టుమనిషి

అందరికీ నమస్కారం. నేను చదువుకున్నవాణ్ణి కాదు, ప్లాంట్‌లో పనిచేస్తాను. ఇంతసేపు చదివాను, బాగుంది. కానీ నిదానం గారి రెండో ప్రశ్నను అందరూ మర్చిపోయారు.

మెక్సికోలో కర్మాగారం మూస్తే చుట్టుపక్కల వాళ్లు ఎక్కువ పని చేశారన్నారు. మరి ఆ కర్మాగారంలో పనిచేసేవాళ్లు? వాళ్ల గంటలు సున్నా అయ్యాయి కదా. నిబంధన మంచిదే, ఆ పొగ ముందు పీల్చేది మేమే. కానీ నలభై అయిదేళ్ల వయసులో ఉద్యోగం పోతే అదే జీతం మళ్లీ ఎవడిస్తాడు? ఆ టెన్షన్ ఎవరి లెక్కలోనైనా ఉందా?

కొలతబద్ద

ఉంది షిఫ్టుమనిషి గారూ. టోల్ గేట్ల స్టడీ చేసిన రీడ్ వాకరే 2013లో ఇది రాశారు. ఒకే పరిశోధకుడు గాలి వల్ల మేలునూ, ఆ గాలి కోసం తెచ్చిన చట్టం వల్ల నష్టాన్నీ రెండింటినీ కొలవడం నాకు నచ్చుతుంది.

1990లో అమెరికా తన క్లీన్ ఎయిర్ చట్టాన్ని సవరించింది. కొన్ని జిల్లాలు, కొన్ని పరిశ్రమలు కొత్తగా కఠిన నిబంధన కిందికి వచ్చాయి. అప్పటిదాకా ఇలాంటి పరిశోధనలు ప్లాంట్లలో ఉద్యోగాల సంఖ్యను చూసేవి. ఉదాహరణకు గ్రీన్‌స్టోన్ 2002లో లెక్కగట్టింది, 1972 నుంచి 1987 మధ్య నిబంధన కిందికి వచ్చిన జిల్లాలు మిగతా జిల్లాలతో పోలిస్తే సుమారు 5,90,000 ఉద్యోగాలు కోల్పోయాయని. ఈ అంకెను యజమానుల సంఘాలు బాగా వాడతాయి. కానీ అది పోలికలో వచ్చిన తేడా. పక్క జిల్లాకు తరలిపోయిన ఉద్యోగం కూడా అందులో పోయినట్టే కనబడుతుంది.

వాకర్ ప్లాంట్‌ను వదిలి మనిషి వెంట వెళ్లాడు. నిబంధన కిందికి వచ్చిన ప్లాంట్‌లో ఉన్న కార్మికుడు ఆ తర్వాత ఏళ్లలో ఎక్కడున్నా సరే, ఎంత సంపాదించాడు? సగటున ఒక్కొక్కరు నిబంధనకు ముందు సంపాదించేదానిలో 20 శాతానికి సమానమైన మొత్తం నష్టపోయారు. అందరిదీ కలిపితే 540 కోట్ల డాలర్లు దాటింది. అయితే సగటు ఇక్కడ మోసం చేస్తుంది. ప్లాంట్‌లోనే ఉండిపోయినవాళ్లకు పెద్ద నష్టం లేదు. దాదాపు భారమంతా ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చిన వాళ్ల మీదే పడింది, బజారులో పనులు దొరకని రోజుల్లో బయటికి వచ్చినవాళ్ల మీద మరీ ఎక్కువ.

ఆ చట్టం వల్ల వచ్చిన ఆరోగ్య లాభాలతో పోలిస్తే ఈ మొత్తం చాలా చిన్నదని కూడా ఆయనే రాశారు.

షిఫ్టుమనిషి

చిన్నదే, దేశానికి.

తెల్లకోటు

నష్టం డబ్బుతో ఆగదు కూడా. డేనియల్ సలివాన్, టిల్ ఫాన్ వాఖ్టర్ 2009లో పెన్సిల్వేనియా మీద రాశారు. ఒకే కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసి, కంపెనీ కుంగడం వల్ల ఉద్యోగం పోయిన మగవాళ్లు. వేతన రికార్డులను మరణాల రికార్డులతో కలిపి చూశారు. ఉద్యోగం పోయిన వెంటనే వచ్చే ఏడాదిలో చనిపోయే అవకాశం మామూలు కంటే 50 నుంచి 100 శాతం ఎక్కువ. ఇరవై ఏళ్ల తర్వాత కూడా కొంత మిగిలే ఉంది. నలభై ఏళ్ల వయసులో ఉద్యోగం పోతే ఆయుష్షులో ఏడాది నుంచి ఏడాదిన్నర కోత.

కాబట్టి గాలి చట్టం ఒక పక్క ప్రాణాలు నిలబెడుతుంది, ఇంకో పక్క కొందరి ప్రాణం మీదికి తెస్తుంది. రెండోదాన్ని ఆరోగ్య లెక్కలో వేసినవాళ్లు తక్కువ.

కందిరీగ

ఆగండాగండి. మాంద్యం వస్తే చావులు తగ్గుతాయని క్రిస్టోఫర్ రూమ్ 2000లోనే రాశాడు! నిరుద్యోగం ఒక శాతం పాయింటు పెరిగితే మరణాల రేటు అర శాతం తగ్గుతుందని. ఉద్యోగం పోతే చస్తారు, ఉద్యోగాలు పోతే బతుకుతారు. ఎకనామిక్స్ అంటే ఇదేనా?

నిదానం

నవ్వొచ్చినా, కందిరీగ అడిగింది నాకూ అర్థం కాలేదు. రెండూ నిజం ఎలా అవుతాయి?

కొలతబద్ద

ఎవరిని చూస్తున్నారన్నదే తేడా. సలివాన్, ఫాన్ వాఖ్టర్ చూసింది ఉద్యోగం పోయిన మనిషిని. రూమ్ చూసింది రాష్ట్రం మొత్తాన్ని. మాంద్యంలో నిరుద్యోగం 5 నుంచి 9 శాతానికి పోయిందంటే, కొత్తగా పని పోయింది పని చేసే, పని వెతికే ప్రతి వందమందిలో నలుగురికి. మిగతా తొంభై ఆరు మందికి కొత్తగా పని పోలేదు, వాళ్లకు తోడు అసలు ఉద్యోగమే చేయని పిల్లలు, ముసలివాళ్లు ఉన్నారు. ఆ రోజుల్లో రోడ్ల మీద బళ్లు తగ్గుతాయి, ప్రమాదాలు తగ్గుతాయి, పొగ తగ్గుతుంది. నలుగురి నష్టం ఒక్కొక్కరికీ చాలా పెద్దది, మిగతా అందరి లాభం ఒక్కొక్కరికీ చాలా చిన్నది. కలిపితే రెండోది బరువు తూగుతుంది.

ఇది ఊహ కాదు. ఎమీ ఫిన్‌కెల్‌స్టైన్ మరో ముగ్గురితో కలిసి 2008 ప్రాంతంలో వచ్చిన పెద్ద మాంద్యం మీద చేసిన పరిశోధనలో నిరుద్యోగం ఒక పాయింటు పెరిగితే మరణాలు అర శాతం తగ్గాయనే వచ్చింది. తగ్గిన మరణాలు ఎక్కువగా ముసలివాళ్లవి. అందుకు గాలి కాలుష్యం తగ్గడం ఒక ముఖ్య కారణమని వాళ్లు చూపించారు. అంతకు ముందే, 2003లో, కెన్నెత్ చే, గ్రీన్‌స్టోన్ 1981, 82 మాంద్యాన్నే ప్రయోగంలా వాడుకున్నారు. ఫ్యాక్టరీలు నెమ్మదించిన జిల్లాల్లో ధూళి ఒక శాతం తగ్గిన చోట శిశుమరణాలు 0.35 శాతం తగ్గాయి. ఆ తగ్గుదల వల్ల మొత్తం మీద సుమారు 2,500 మంది శిశువులు బతికారని అంచనా.

తెల్లకోటు

ఆ పిల్లలు ఎవరి ఉద్యోగం పోతే బతికారో వాళ్లకు తెలియదు. ఉద్యోగం పోయినవాడికీ తెలియదు. సరే, ఇది స్టాటిస్టిక్స్ కాదు, నా గొణుగుడు.

మోడరేటర్

పార్టీల గురించి వచ్చిన కొన్ని పోస్టులు తీసేశాం. ఏ ప్రభుత్వం మంచిదన్నది ఇక్కడి విషయం కాదు. కొనసాగించండి.

షిఫ్టుమనిషి

ఎండ సంగతి ఎవరూ చెప్పలేదు. మా షెడ్డులో గాలి కంటే వేడితోనే ఎక్కువ ఇబ్బంది.

కొలతబద్ద

దాని మీద భారతదేశపు డేటాతోనే మంచి పని ఉంది. ఈ. సోమనాథన్, రోహిణి సోమనాథన్, అనంత్ సుదర్శన్, మీనూ తివారీ 2021లో రాశారు. ఫ్యాక్టరీల వార్షిక ఉత్పత్తి ఒక డిగ్రీ వేడికి సుమారు 2 శాతం తగ్గుతోంది. ఎందుకని చూడటానికి కొన్ని ఫ్యాక్టరీల్లో కార్మికుల రోజువారీ లెక్కలు తీశారు. రెండు దారులు కనబడ్డాయి. వేడి రోజున చేతులు నెమ్మదిస్తాయి. వేడి రోజులు వరసగా వస్తే మనుషులు పనికి రావడం తగ్గిపోతుంది.

ఇక్కడొక సూక్ష్మం. ఫ్యాక్టరీలో చల్లదనం ఏర్పాటు చేస్తే మొదటిది పోతుంది, రెండోది పోదు. పని దగ్గర చల్లగా ఉన్నా రాత్రి ఇంట్లో ఉక్కే కదా. యజమాని ఏసీ పెట్టి సమస్య తీరిందనుకోవడం ఎంతవరకు సరి అన్నది దీన్ని బట్టి చూసుకోవాలి.

బెంగళూరు ప్రాంతపు బట్టల ఫ్యాక్టరీల్లో ఇంకో విచిత్రం జరిగింది. కరెంటు ఆదా కోసం పాత ట్యూబులైట్లు తీసి ఎల్ఈడీలు పెట్టారు. ఎల్ఈడీ వేడి తక్కువ చిమ్ముతుంది. వేడి వల్ల కుట్టుపని తగ్గడం అనే సమస్యలో సుమారు 85 శాతం మాయమైంది. అచ్యుత అధ్వర్యు, నమ్రత కాలా, అనంత్ న్యశధామ్ ఈ లెక్క తేల్చారు. కరెంటు బిల్లు ఒక్కటే చూసుకుంటే ఆ లైట్ల ఖర్చు తిరిగి రావడానికి చాలా కాలం పట్టేది. కుట్టుపని కూడా కలిపితే చాలా త్వరగా వచ్చేసింది. యజమానులకు అది ముందు తెలియదు.

షిఫ్టుమనిషి

వరసగా వేడి ఉంటే రాకపోవడం, అవును. మొదటి రెండు రోజులు ఎలాగో లాగుతాం. తర్వాత ఒళ్లు లేవదు. దాన్ని ఎవరో రాశారంటే నమ్మలేకపోతున్నా.

అనుమానప్పక్షి

నా పని నేను చేస్తా. ఇప్పటిదాకా వచ్చినవన్నీ ప్రభావం ఉంది అన్న స్టడీలే. ఏమీ లేదని తేలినవి పత్రికల దాకా రావడం కష్టం, మనకు కనబడేది జల్లెడ పట్టిన సరుకు. అదీకాక అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. కాలిఫోర్నియాలో అంత పెద్ద ప్రభావం, చైనా కాల్ సెంటర్‌లో అంత చిన్నది.

అల్బెర్టో సాల్వో, మరో ఇద్దరు కలిసి 2019లో చైనా బట్టల మిల్లుల మీద చేసింది చూడండి. కాలుష్యం విపరీతంగా ఉన్న ఊళ్లు. ఆ రోజు ధూళికి, ఆ రోజు పనికి చెప్పుకోదగ్గ సంబంధమే దొరకలేదు. పీఎం 2.5 ఘనపు మీటరు గాలిలో పది మైక్రోగ్రాములు పెరిగి 25 రోజులపాటు అలాగే ఉంటే ఉత్పత్తి 1 శాతం తగ్గిందంతే. కాలుష్యం ఎక్కువున్న చోట ప్రభావం ఎక్కువ ఉండాలి కదా?

కొలతబద్ద

ఉండాలన్న నియమం లేదు. శుభ్రమైన గాలిలో మొదటి పది మైక్రోగ్రాములు చేసే నష్టం, ఇప్పటికే మురికిగా ఉన్న గాలిలో ఇంకో పది చేసే నష్టం కంటే ఎక్కువ కావచ్చు. పొగతాగే వాళ్లలో మొదటి సిగరెట్టుకూ పదిహేనోదానికీ ఉన్న తేడా లాంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 వార్షిక సగటు హద్దును 10 మైక్రోగ్రాముల నుంచి 5కు దించడానికి కారణాల్లో ఇదీ ఒకటి, తక్కువ స్థాయిల్లోనూ హాని ఉందన్న ఆధారాలు పెరగడం.

అయితే అంకెలు పొసగవన్న మీ మాటకు అర్థం ఒక చోట దొరికిన అంకెను తీసుకెళ్లి ఇంకో చోట గుణించకూడదని అయితే, నేనూ ఒప్పుకుంటా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఇచ్చిన అంచనా తెలుసు కదా, 2030 నాటికి వేడి వల్ల ప్రపంచం మొత్తం పని గంటల్లో 2.2 శాతం పోతాయని, అది 8 కోట్ల పూర్తికాల ఉద్యోగాలతో సమానమని. అందులో భూతాపం శతాబ్దం చివరికి 1.5 డిగ్రీల దగ్గర ఆగుతుందన్న ఊహ ఉంది, నీడలోనా ఎండలోనా అన్న ఊహ ఉంది. ఆ అంకెను ఎత్తి రాసేవాళ్లలో ఈ షరతులు రాసేవాళ్లు అరుదు.

నిదానం

ఆరోగ్య బీమా సంగతి? బీమా ప్రభుత్వమే ఇస్తే జనం పని మానేస్తారని ఒక వాదన ఉంది కదా.

కొలతబద్ద

ఇది వేరే త్రెడ్‌కు సరిపడా విషయం, క్లుప్తంగా చెప్తా. అమెరికాలోని ఓరెగాన్‌లో 2008లో సీట్లు తక్కువ, అర్జీలు ఎక్కువ కావడంతో పేదల బీమాకు లాటరీ తీశారు. లాటరీ కాబట్టి పోలిక చాలా శుభ్రం. వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య ఉద్యోగాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డిప్రెషన్ తగ్గింది, అప్పుల ఒత్తిడి తగ్గింది, రెండేళ్లలో రక్తపోటు లాంటివి మాత్రం స్పష్టంగా మెరుగుపడలేదు. మరోపక్క టెన్నెసీ 2005లో సుమారు 1,70,000 మందిని ఒక్కసారిగా బీమా నుంచి తీసేసింది. అక్కడ చాలామంది బీమా కోసమే ఉద్యోగాల్లో చేరారని ఇంకో స్టడీ. ఇవ్వడం, తీసేయడం ఒకే దారికి రెండు చివరలు కావు. మనుషులూ వేరు. టెన్నెసీలో తీసేసినవాళ్లు ఓరెగాన్ వాళ్లంత బీదవాళ్లు కాదు.

అనుమానప్పక్షి

చూశారా, ఓరెగాన్‌లో ఏమీ లేదని తేలినదాన్ని కూడా చెప్పారు. సంతోషం.

షిఫ్టుమనిషి

మళ్లీ నా దగ్గరికి వస్తా. చట్టం లాభం నష్టం కంటే ఎన్నో రెట్లు అన్నారు. అంత లాభం ఉంటే అందులోంచి కొంత తీసి ఉద్యోగం పోయినవాడికి ఇస్తే సరిపోతుంది కదా. ఎందుకివ్వరు?

కొలతబద్ద

లాభం ఒక చోట కుప్పగా లేదు. లక్షల మందికి తలా కాస్త. పుట్టిన ఏడాది గాలి బాగున్న పిల్లలు ముప్పై ఏళ్ల వయసులో సుమారు ఒక శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 1970 నాటి చట్టం మీద ఆడమ్ ఐసెన్, మాయా రాసిన్ స్లేటర్, వాకర్ కలిసి చూపించారు. ఆ ఒక శాతం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మనిషికి తెలియదు, మీకోసం ఎవరూ అతని దగ్గర వసూలు చేయరు. నష్టపోయినవాళ్లకు మాత్రం తేదీతో సహా తెలుసు.

ప్రయత్నం జరగలేదని కాదు. 1990 సవరణల్లోనే ఆ చట్టం వల్ల పని పోయినవాళ్లకు శిక్షణ ఇప్పించే భాగం ఒకటి పెట్టారు.

ఖర్చే తగ్గించే దారి ఇంకోటి. సూరత్‌లో 2019లో ధూళి కణాలు ఇంతవరకు వదలొచ్చన్న పర్మిట్ల మార్కెట్ పెట్టారు. మొత్తం హద్దు ఒకటి, ఎవరికి తగ్గించడం చౌకో వాళ్లు తగ్గించి మిగిలిన పర్మిట్లు అమ్ముకోవచ్చు. సగం ఫ్యాక్టరీలను లాటరీ తీసి అందులో పెట్టారు కాబట్టి పోలిక గట్టిది. కాలుష్యం 20 నుంచి 30 శాతం తగ్గింది, తగ్గించడానికయ్యే ఖర్చు కూడా తగ్గింది. ప్లాంట్ మూతపడే దాకా పోకుండా చూడటం పరిహారం కంటే మేలు కదా.

షిఫ్టుమనిషి

శిక్షణ అంటే నవ్వొస్తుంది. యాభై ఏళ్లకు కంప్యూటర్ నేర్పి వదిలేస్తారు. కొత్త పని దొరికినా జీతం సగమైతే ఆ సగం సంగతేంటి?

కొలతబద్ద

దానికే వేతన బీమా అని ఒకటి ఉంది. దిగుమతుల వల్ల ఉద్యోగం పోయిన, యాభై దాటిన కార్మికులకు అమెరికాలో ఇచ్చేవారు. కొత్త ఉద్యోగంలో జీతం తక్కువైతే తేడాలో సగం, రెండేళ్ల దాకా, మొత్తం 10,000 డాలర్ల హద్దుకు లోబడి. ఆ కార్యక్రమం గడువు 2022లో ముగిసింది. బెంజమిన్ హైమన్, బ్రయన్ కోవాక్, ఆడమ్ లీవ్ దాన్ని పరిశీలించారు. ఆ బీమాకు అర్హత ఉన్నవాళ్లు త్వరగా పనిలో చేరారు, తర్వాత ఏళ్లలో మొత్తం సంపాదన కూడా ఎక్కువే. వాళ్లు కట్టిన పన్నులూ, ఇవ్వకుండా మిగిలిన నిరుద్యోగ భృతీ లెక్కేస్తే ప్రభుత్వానికి ఖర్చు తిరిగి వచ్చేసింది.

షిఫ్టుమనిషి

ఇది అర్థమైంది. ఇది కావాలి.

అనుమానప్పక్షి

తొందరపడకండి. ఆ స్టడీ పోల్చింది యాభైకి కాస్త అటూ ఇటూ ఉన్నవాళ్లను. ముప్పై అయిదేళ్లవాడికి అదే జరుగుతుందని అది చెప్పదు. పైగా దిగుమతులు వేరు, నిబంధన వేరు. దిగుమతుల దెబ్బకు ప్లాంట్ మొత్తం పోతుంది. నిబంధన వస్తే ప్లాంట్ కొంత కుంచించుకుంటుంది, ఎవరిని ముందు పంపాలో మేనేజ్‌మెంట్ ఎంచుకుంటుంది. బయటికి వచ్చేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

నిదానం

మరి ఏ డేటా ఉంటే మీకు తృప్తి?

అనుమానప్పక్షి

వాకర్ దగ్గరున్నట్టు ప్లాంట్‌నూ కార్మికుణ్ణీ కలిపిన వేతన రికార్డులు. తెల్లకోటు గారు చెప్పిన పెన్సిల్వేనియా పనిలో ఉన్నట్టు వాటికి జోడించిన మరణాల రికార్డులు. నిబంధన వచ్చిన తేదీకి ముందూ వెనకా. అప్పుడు గాలి బాగై బతికినవాళ్లు, పని పోయి కుంగినవాళ్లు ఒకే పద్దులో, ఒకే కొలతతో కనబడతారు. దాని పక్కన వేతన బీమా ఖర్చు పెట్టి చూడాలి.

తెల్లకోటు

అందులో భార్యాపిల్లల ఆరోగ్యం కూడా కలపండి. లిమాలో చూసిందే ఇక్కడా జరుగుతుంది, దెబ్బ ఒకరికి తగిలితే లెక్క ఇంకొకరి పేరు మీద పడుతుంది.

షిఫ్టుమనిషి

అలాంటి పద్దు ఎవరైనా వేస్తే ఈ త్రెడ్‌లోనే పెట్టండి. నాకు నైట్ షిఫ్ట్ ఉంది, వస్తా.